కేబుల్ మీద బార్లీ

ఉత్తర సముద్రంలోని గాలిమరల కరెంటును దక్షిణ జర్మనీలోని బవేరియాకు చేర్చే కేబుల్ గెసినే ఓల్రోగె పొలం కిందుగా పోయింది. ఆ పొలంలో ఆమె ముప్పై ఏళ్లుగా వసంతంలో మట్టిలోంచి తలెత్తగానే వంగి చేత్తో కోసే తెల్ల ఆస్పరాగస్ కాడలు పండించి, రోడ్డు పక్క గుడిసెలో అమ్మేది. కేబుల్ కోసం పాత మొక్కలన్నీ తీసేశాక రెండేళ్లు అక్కడ కందకమే ఉంది. పైమట్టి ఒక కుప్ప, అడుగుమట్టి ఒక కుప్ప పోసి, మళ్లీ అదే వరసలో పూడ్చారు.

మార్చిలో కేబుల్ కంపెనీ తరఫున మట్టి పని చూసే త్యార్క్ వచ్చి పొలం అప్పగించాడు.

“కేబుల్ వేడికి మీ కాడలు అందరికంటే ముందే లేస్తాయేమో గెసినే గారూ.”

“లేస్తే మీ కేబులే వంగి కోసి పెడుతుందా నాయనా?”

అతను నవ్వాడు. ఆమె సంతకం చేసి, మడమతో మట్టిని నొక్కి చూసింది. తప్పు పట్టడానికేమీ దొరకలేదు.

ఆస్పరాగస్ వేర్లు నాటితే మూడో ఏడు గాని కోతకు రాదు. ఆ తర్వాత పదేళ్లు కాస్తుంది. ఆమెకు డెబ్బై ఒకటి.

వంటింట్లో భర్త హార్మ్ ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నర్సరీ వాళ్లు లైన్లో ఉన్నారు. వేర్లు పంపమననా?”

“వద్దు. బార్లీ వేద్దాం.”

“బార్లీనా? అది సోమరిపోతుల పంట అనేదానివిగా.”

“దానికి నేను వంగక్కర్లేదు. మిషను కోస్తుంది.”

హార్మ్ ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ బాధేమీ కనిపించలేదు. ఫోన్లో వద్దని చెప్పాడు.

ఏప్రిల్ చివర్లో పాత కొనుగోలుదారులు కార్లు ఆపి కాడల కోసం అడిగారు. ఆమె పక్క ఊరి రైతు ఇల్లు ఎటో చేత్తో చూపించింది. మే నెలంతా చూపిస్తూనే ఉంది.