కొలతకు నిలబడ్డ మనిషి

ఆ గదిలోకి వచ్చేపోయేవాళ్ళంతా ఆమెను మీడియంగారనే పిలిచేవారు. పిలుపులో వెటకారమేమీ లేదు, ఆమె చేసే పనే అది. మేడ మీద, చెల్లెలి ఇంటి ముందు గదిలో, చెక్క పీట ఎక్కి చేతులు కాస్త ఎడంగా పెట్టుకుని నిలబడడం. కొత్త గౌను ఒకటి తొడిగితే విప్పేదాకా నిలబడడం, విప్పాక ఇంకోటి తొడుక్కుని మళ్ళీ నిలబడడం. చెప్పుకుంటే ఇంతే. చేసి చూస్తే తెలుస్తుంది, మధ్యాహ్నానికల్లా పాదాలు ఎవరివో అనిపిస్తాయి.

చెల్లెలు ఒకప్పుడు పెద్ద బట్టల కంపెనీలో శాంపిళ్ళు చూసే ఉద్యోగం చేసింది. పైవాళ్ళతో మాటలు పడలేక మానేసి, సొంతంగా సలహాలు చెప్పే వ్యాపారం పెట్టుకుంది. ఆడవాళ్ళ బట్టలు కుట్టించి అమ్మే చిన్న దుకాణాలవాళ్ళకి, కొన్న బట్టల్ని జనం ఎందుకు తిరిగి తెచ్చి పడేస్తున్నారో చెప్పడం ఆ వ్యాపారం. చంక దగ్గర ఎందుకు పట్టేస్తోంది, భుజం ఎందుకు జారుతోంది, కూర్చుంటే జిప్పు ఎందుకు విచ్చుకుంటోంది, ఇవన్నీ చూసి కొలతలు సరిచేసి ఇస్తుంది. సలహాకి కూడా డబ్బులా అని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు.

అయితే కాగితం మీది కొలత నిజమో కాదో తేలాలంటే ఒక ఒళ్ళు కావాలి. మీడియం సైజుకు అచ్చంగా సరిపోయే ఒళ్ళు. ముందు దాని మీద వేసి చూసి, దాన్ని బట్టే మిగతా సైజులు పెంచుతారు, తగ్గిస్తారు. అలా నిలబడడానికి గంటకింతని తీసుకునే అమ్మాయిలు ఉంటారు. కొత్తగా పెట్టిన వ్యాపారం ఆ ఖర్చు ఎక్కడ మోస్తుంది? సరిగ్గా అప్పుడే అక్క పనిచేసే ఆఫీసు మూతపడింది. ఒకరోజు సరదాకి చెల్లెలు టేపు తెచ్చి అక్క ఛాతీ, నడుము, తుంటి కొలిచింది. నమ్మలేక మళ్ళీ కొలిచింది. ఆ పైన పడీపడీ నవ్వింది.

"దేవుడు నిన్ను నా కోసమే కొలిచి చేశాడక్కా!"

అక్క మురిసిపోయింది. మురిసిపోదూ మరి? బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె లావూ కాదు, సన్నమూ కాదు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. ఒకచోట పలకరించినవాళ్ళు మర్నాడు ఇంకోచోట గుర్తుపట్టేవాళ్ళు కాదు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగిన పాపాన కూడా ఎవరూ పోలేదు. అలాంటి మనిషితో, నీ మామూలుతనమే నాకు పెట్టుబడి అంటే ఎలా ఉంటుంది! మర్నాడే పీటెక్కింది.

వ్యాపారం మెల్లగా పుంజుకుంది. ఒక దుకాణం ఇంకో దుకాణానికి చెప్పింది. ముందు గదిలోంచి సోఫా పోయి కత్తిరింపు బల్ల వచ్చింది. బల్లతోపాటు కటింగ్ మాస్టారు వచ్చాడు, గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే పెద్దాయన. చెల్లెలికి ఊపిరి సలిపేది కాదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, వాటి సందులోంచే మాట్లాడుతూ అక్క చుట్టూ తిరిగేది.

"ఇక్కడ నొక్కుతోందా?"

"లేదే."

"చెయ్యెత్తు. ఇప్పుడో?"

"కొంచెం."

పొద్దస్తమానం ఇవే మాటలు. నొక్కేది గౌనైతే సరే, ఇంకేదైనా అయితే దానికి ఆ గదిలో అడిగే దిక్కు లేదు. సాయంత్రానికి అక్క పిక్కలు రాళ్ళయ్యేవి. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, పక్క గదిలోంచి చెల్లెలు ఎవరికో ఫోనులో భుజం కుట్టు గురించి చెబుతూ ఉండేది. ఆమె మాత్రం సుఖపడిందా? ఆమె కళ్ళ కింద నలుపు అక్క రోజూ చూస్తూనే ఉంది. అందుకే తన కాళ్ళ సంగతి ఎత్తేది కాదు.

కిందటి ఏడాది వానలు మొదలైన రోజుల్లో చెల్లెలు ఒక స్కర్టు పట్టీ లాగి చూసి, "అక్కా, నడుం దగ్గర నీకు కాస్త వచ్చినట్టుంది. చూసుకో," అంది. అని, ఆ నిమిషమే మర్చిపోయింది. యాభై దాటిన ఒంటికి నడుం దగ్గర కాకపోతే ఇంకెక్కడ వస్తుంది? అక్క మాత్రం మర్చిపోలేదు. తన నడుము పెరిగితే చెల్లెలి వ్యాపారం కుదేలవుతుందని మనస్ఫూర్తిగా నమ్మింది. రాత్రి భోజనం మానేసింది. అడిగితే, ఇందాకే తిన్నాననేది. తర్వాత పొద్దుటి బ్రెడ్డు సగమైంది. ఒళ్ళు తగ్గింది. మళ్ళీ పెరుగుతుందేమోనన్న భయంతో తిండి ఇంకా తగ్గించింది. మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్మేవి. పీట మీద ఉన్నప్పుడు ఒక్కోసారి గోడలు తిరిగేవి. పళ్ళు బిగించి నిలబడేది. ఇంత పిచ్చి మనిషి ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంటుంది. ఇలాంటివాళ్ళ మీద కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది, ఏది ముందొస్తుందో చెప్పలేం.

బట్టలు ఆమె మీద వదులయ్యాయి. చెల్లెలు ఆ వదులు చూసింది, అక్కని చూడలేదు. "మాస్టారూ, ఇక్కడ కొంచెం లోపలికి తీయండి," అంటూ సూదులు గుచ్చేసింది. మాస్టారు తీశాడు. మీడియం తగ్గితే దాన్ని పట్టుకుని మిగతా సైజులన్నీ తగ్గాయి. ఇదివరకు కొత్త పని మొదలుపెట్టే ముందు అక్కకి ఒకసారి టేపు పెట్టేది. పని మీద పని వచ్చి పడ్డాక ఆ తీరిక పోయింది.

అప్పుడే మూడు దుకాణాలున్న ఒకావిడ వచ్చింది. ముందు కొన్ని గౌన్లకి కొలతలు సరిచేసి ఇమ్మంది, అవి బాగుంటే దుకాణాలన్నిటికీ ఏడాది పొడుగునా కొలతల పని మీదేనంది. సంతోషంతో చెల్లెలి కాళ్ళు నేల మీద నిలవలేదు. నెల తిరక్కుండా ఆవిడ ఫోనులో విరుచుకుపడింది.

"మీ మీడియం ఎవరికీ పట్టడం లేదండీ. కొన్నవాళ్ళు తెచ్చి మా మొహాన కొడుతున్నారు. గురువారం వస్తాను, నా కళ్ళముందు వేసి చూపించండి."

చెల్లెలు మాస్టారి మీద పడింది. బట్ట కత్తిరించే కొలతల అట్టలన్నీ బల్ల మీద పరిచి, తప్పు కత్తిరింపులోనే ఉందని తేల్చేసింది.  సోమవారం ఆయన కొత్త కళ్ళజోడుతో వచ్చాడు.

"చూపు మందగించిందేమోనని మార్పించానమ్మా," అన్నాడు. "ఇప్పుడు బానే కనబడుతోంది. కానీ ఈ అద్దాల్లోంచి చూసినా తేడా ఏం కనబడడం లేదమ్మా. అదే నాకు అంతు చిక్కడం లేదు."

"గురువారం కూడా తేడా వస్తే మాత్రం ఇంకొకరిని చూసుకోవాల్సిందే మాస్టారూ. నాకు ఇష్టమై కాదు."

పీట మీద ఉన్న అక్కకి ప్రాణం చివుక్కుమంది. ఎలాగోలా గట్టెక్కకపోతుందా అని ఇన్నాళ్ళూ నోరు మూసుకుంది. చెబితే తన చోటు పోతుంది. చెప్పకపోతే ఈ ముసలాయన చోటు పోతుంది. కొత్త కళ్ళజోడు వెనక ఆయన కళ్ళు మరీ పెద్దగా, బెదురుగా కనబడ్డాయి.

"మాస్టారిని ఏమనకే," అంది. "టేపు తీసుకొచ్చి నన్ను కొలువు."

చెల్లెలు కొలిచింది. టేపు వదిలి, చేత్తో అక్క పక్కటెముకలు తడిమింది. అక్క మెడ కింద గుంట, మోచేతుల దగ్గర వేలాడే చర్మం అప్పుడు కనిపించాయి. ఇంకేముంది, అక్క నడుం చుట్టూ చేతులు వేసి భోరుమంది.

"ఎంతకాలం నుంచక్కా? ఎందుకు చెప్పలేదు నాకు?"

"పని పోతుందేమోనని."

చెల్లెలు ఏడ్చింది, తనని తాను తిట్టుకుంది, మాస్టారి చేతులు పట్టుకుని క్షమించమంది. అవన్నీ నిజమైన ఏడుపులే, అందులో అనుమానం లేదు. ముక్కు తుడుచుకున్నాక మాత్రం ఆమె కళ్ళు గోడ మీది క్యాలెండరు వైపు పోయాయి.

"అక్కా, గురువారానికి కొంచెమైనా ఒళ్ళు చేయగలవంటావా?"

"నా వల్ల కాదే," అంది అక్క. కోపం రాలేదు, కోపానికి కూడా ఓపిక కావాలి. "నేను దిగిపోతున్నాను."

వంటింట్లోకి వెళ్ళి రెండు గుడ్లు వేయించుకుంది. బ్రెడ్డు కాల్చుకుంది. కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. చెల్లెలిని నడిమధ్యలో వదిలేశానన్న బాధతోనే మొదటి ముక్క తినేసింది. ముందు గదిలో చెల్లెలు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. రెండో ముక్క సగంలో ఉండగానే లోపలికి వచ్చింది. మొహం తేటపడింది.

"దొరికిందక్కా! మీడియం అమ్మాయి. గురువారం వస్తానంది. ఇంక నువ్వు హాయిగా కూర్చో, తిను, పడుకో."

"మరి డబ్బులో? గంటకింతని అడుగుతారుగా?"

"అడిగితే ఏం? ఇప్పుడు మనం ఇచ్చుకోగలం."

"ఎప్పట్నుంచి ఇచ్చుకోగలం?"

చెల్లెలు ఆలోచించింది.

"రెండేళ్ళయి ఉంటుందేమో. నాకెప్పుడూ ఆ ఆలోచనే రాలేదు. నువ్వున్నావు కదా. ఎందుకక్కా?"

 నోట్లో ఉన్నది మింగడానికి అక్కకు చాలాసేపు పట్టింది.