ఎప్పుడు తింటావని ఎవరూ అడగలేదు

గురజాల బళ్ళో మూడో తరగతికి ఎక్కాలు చెబుతున్న పూట దాహం మొదలైంది. కుండలో సగం నీళ్ళు నేనే తాగాను. నెల తిరక్కుండానే రవికె భుజాల మీంచి జారిపోసాగింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మా ఆయన దావీదు నన్ను గుంటూరు తీసుకెళ్ళాడు. ఆసుపత్రిలో యూరిన్ టెస్టు చేసి డయాబెటిస్ అన్నారు. ఆ వార్డులో నా పేరు పంతొమ్మిదో బెడ్. పొద్దున్నే ఇన్సులిన్, ఆ వెంటనే ఫలహారం. దాహం తగ్గింది. దావీదుకు ఇంజక్షన్ చేయడం నేర్పి పంపేశారు.

ఇంటికొచ్చాక పొద్దున్నే ఇంజక్షన్ చేయించుకుని రెండు మైళ్ళు నడిచి బడికి పోయేదాన్ని. తినేది బడి వదిలాకే. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. రెండో వారంలో ఒకనాడు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, పలక మీది అక్షరాలు రెండుగా కనిపించాయి. పడిపోయాను. దయ్యం పట్టిందని పిల్లలు బయటికి పరుగెత్తారు.

మళ్ళీ గుంటూరు వెళ్ళాం. డాక్టరుగారు నా ముఖం చూడలేదు. టెస్ట్ ట్యూబులో ఎర్ర రంగు చూసి, “యూరిన్‌లో షుగర్ పోతోంది, ఇన్సులిన్ డోసు పెంచండి” అన్నారు. దావీదు ఏదో చెప్పబోతే, చార్టులో అంతా ఉందన్నారు.

పెంచిన నాలుగో రోజు బడికి బయల్దేరుతూ గడపలోనే కూలిపోయాను. నోట్లో పోసిన నీళ్ళు పక్కకి కారిపోయాయట. దావీదు ఊళ్ళోకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మను పరుగున పిలుచుకొచ్చాడు. ఆమె నరానికి గ్లూకోజ్ ఎక్కించింది. కళ్ళు తెరిచేసరికి ఆమె దావీదును అడుగుతోంది.

“ఇంజక్షన్ అయ్యాక ఎప్పుడు తింటుంది?”

“బడి వదిలాకండీ. దానికి మొదట్నుంచీ అంతే.”

 ఆమె, మందు పని చేసే వేళకు కడుపులో తిండి లేకపోతే మనిషి పడిపోతుందని మెల్లగా చెప్పింది. మర్నాడు వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంది. ఏం వండుతాం, బడి ఎంత దూరం, రాత్రి నిద్ర పడుతుందా, అన్నీ అడిగింది. దేనికి భయపడుతున్నావని కూడా అడిగింది.

“చచ్చిపోతానేమోనని పిల్లలకి పాఠాలు గబగబా చెప్పేస్తన్నానమ్మా” అన్నాను. ఎవరికీ చెప్పని మాట అది.

ఆమె డోసు తగ్గించింది. ఇంజక్షన్ కాగానే జొన్నరొట్టె తినమంది, చేతులు వణికితే వెంటనే నోట్లో వేసుకోడానికి బళ్ళో బెల్లం దగ్గర పెట్టుకోమంది.

యుద్ధం అయిపోయింది. జబ్బు పోలేదు, పోదు కూడా. ఎడమ పాదం కాస్త తిమ్మిరిగా ఉంటుంది. అయినా ఈ ఏడు మళ్ళీ మూడో తరగతి నాదే, పాఠాలు నిదానంగా చెబుతున్నాను.

దీర్ఘరోగం ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా మీరేం చేస్తారో, ఎప్పుడు తింటారో డాక్టరు అడగకపోయినా చెప్పండి. వినకపోతే రెండోసారి చెప్పండి.