ఒరొజ్ కంచరగాడిదకి చల్లటి ఇల్లు

పరీక్ష పెట్టకుండా ఒరొజ్ దేన్నీ ఒప్పుకోడు. దేన్నీ అంటే దేన్నీ. కొత్త బూట్లు కొన్నాడంటే ఎడమ కాలికి కొత్తది, కుడి కాలికి పాతది తొడుక్కుని బిష్కెక్‌లోని ఓష్ బజారంతా వారం తిరుగుతాడు.

"కాలికేమైందన్నా, కుంటుతున్నావ్?" అనడిగాడు కుబాత్, మొదటిసారి చూసినప్పుడు.

"కుంటట్లేదురా. ఎడమ కాలు గెలుస్తోంది."

కుబాత్ ఆ బజారులో బండి లాగే కూలీ. ఒరొజ్‌ది అక్కడే కాటాలు బాగుచేసే కొట్టు. ఇద్దరూ ఉండేది ఒకే పాత అపార్టుమెంటులో. అందుకని ఒరొజ్ పరీక్షలన్నీ కుబాత్ కళ్ళ ముందే జరిగేవి. మంగలి కొత్తరకం మీసం పెడతానంటే సగం మూతికే పెట్టించుకున్నాడు. పెళ్ళికూతుర్ని చూపించడానికి వచ్చినవాళ్ళని, "అమ్మాయి బాగుంది, పోల్చడానికి ఇంకో అమ్మాయి ఏదీ?" అని అడిగాడు. ఆ అమ్మాయి అన్నదమ్ములు అతన్ని గుమ్మం దాకా సాగనంపారు. గుమ్మం వాళ్ళది కాదు, ఒరొజ్‌దే. సొంత ఇంట్లోంచి గెంటించుకున్న పెళ్ళికొడుకు ఆ బజారులో అతనొక్కడే. ఇప్పటికీ బ్రహ్మచారే.

ఈ జబ్బు ఊరికే రాలేదు. ఒరొజ్ కంప్యూటర్‌కి చదరంగం నేర్పుతాడు. ఆ ప్రోగ్రాం పేరు కచిర్, అంటే కంచరగాడిద. "పరుగెత్తదు, కానీ పడదు" అని ఆ పేరు పెట్టాడు. నిజానికి మొదట్లో పడేది కూడా. మంత్రిని ఇచ్చి బంటుని తెచ్చుకుని గెలిచాననుకునేది. గెలుపు రెండడుగుల్లో ఉంటే అక్కడికి వెళ్ళడం తెలీక ఏనుగుని అటూ ఇటూ జరుపుతూ కూర్చునేది. ఓటమి కనబడిందా, వానొస్తే కళ్ళు మూసుకునేవాడిలా ఒక్కో బంటునీ పారేస్తూ ఆ ఘడియని వాయిదా వేసేది.

అలాంటిదాన్ని ఒరొజ్ ఏళ్ళ తరబడి, కొట్టు మూశాక ఒక్కడే కూర్చుని దిద్దాడు. నెలకో చిన్న మార్పు. మార్చిన కచిర్‌నీ పాత కచిర్‌నీ ఎదురెదురుగా పెట్టి, మూతపడిన ఇంటర్నెట్ కొట్టు నుంచి తెచ్చిన ఆరు పాత కంప్యూటర్ల మీద వేల ఆటలు ఆడిస్తాడు. కొత్తది గెలిస్తే ఉంటుంది, లేకపోతే చెత్తబుట్టలోకి. ఈ పని చేసేవాళ్ళందరూ అలాగే చేస్తారట. దాన్ని బూట్లదాకా తెచ్చినవాడు మాత్రం ఒరొజే.

కుబాత్ కూడా ఒకసారి సలహా ఇచ్చాడు. "బంట్లని బండిలాగా తొయ్యాలన్నా. మధ్యలో ఆగకూడదు. బోష్, బోష్, తప్పుకోండి అంటూ పోవాలి."

ఒరొజ్ నవ్వలేదు. వారం రోజులు పరీక్ష పెట్టి వచ్చాడు. "నీ సలహా ఓడిపోయింది."

"బాగానా?"

"బంధువులకి చెప్పుకోలేనంత."

అయినా కుబాత్‌కి గర్వమే. తన మాటకి అంత మర్యాద అంతకుముందు ఎవరిచ్చారు?

ఏటా వసంతంలో ఇలాంటి ప్రోగ్రాములన్నిటికీ పోటీ జరుగుతుంది. కచిర్ ఎప్పుడూ కింది తరగతే. పోయినేడు అర పాయింటు తేడాతో పై తరగతి తప్పింది. ఈసారి ఎక్కితీరుతుందని కుబాత్ బజారంతా చాటాడు.

మాంసం వరుసలో జెక్షెన్ కత్తి నూరుతూ అన్నాడు, "మీ గాడిద మెట్లెక్కుతుందట్రా?"

"ఎక్కకపోతే, నీ కొట్టు ముందు నా బండికి నన్ను నేనే కట్టేసుకుని గాడిదలా ఓండ్రపెడతా!"

ఆ చలికాలమే ఉల్కన్ అక్క ఇంట్లో గదులు వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టం చచ్చిపోయింది. ఆవిడ వీళ్ళ పై అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. ట్రాలీబస్సు నడిపి రిటైరైన మనిషి, ఇప్పటికీ రోడ్డు మీద మాట్లాడినట్టే మాట్లాడుతుంది. పక్కింటివాళ్ళు రగ్గు ఇస్తే, "నేనేమన్నా చచ్చానా కప్పడానికి?" అని తిప్పికొట్టింది. కుబాత్ కరెంటు పొయ్యి మోసుకెళ్తే పొయ్యినీ కుబాత్‌నీ కలిపి మెట్ల మీదికి నెట్టింది.

మర్నాడు ఒరొజ్ టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళాడు. "అక్కా, పెద్ద కష్టమొచ్చింది. నా కంప్యూటర్లు వేడెక్కిపోతున్నాయి. వాటికి చల్లటి చోటు కావాలి. మీ ఇల్లంత చల్లటిది ఈ బిష్కెక్‌లో లేదు."

ఉల్కన్ అక్క మొహం విప్పారింది. "ఉండదు మరి! ఎవరింట్లో ఉంటుంది? తీసుకురా. కరెంటు మాత్రం నీది."

"నాదే. మా ఇంట్లోంచి వైరు లాగుతా."

ఆరు పెట్టెల్నీ కుబాత్ వీపు మీద మోశాడు. ఈ మోత అంతా పై తరగతి కోసమేగదా అని కూనిరాగం తీస్తూ మోశాడు. ఫిబ్రవరిలో, "ఇంకోటి కూడా పైకి చేర్చరా" అన్నాడు ఒరొజ్. అది అతను ప్రోగ్రాం రాసుకునే కంప్యూటర్. కుబాత్ అదీ మోశాడు.

మార్చిలో పోటీ అయింది. కచిర్ కింది నుంచి రెండోది. జెక్షెన్ కొట్టు ముందు కుబాత్ బండికి తాడు కట్టుకుని ఓండ్రపెట్టాడు. "ఇంకా గట్టిగా! మెట్లెక్కేటప్పుడు ఇలాగే అరుస్తుందా?" అని మాంసం వరుసంతా ఈలలు వేసింది.

ఆ సాయంత్రం కంప్యూటర్లు దించడానికి కుబాత్ పైకెళ్ళాడు. ఉల్కన్ అక్క వంటింట్లో ఉంది. తెర మీద ఆట నడుస్తోంది. ఎడమ పక్క "కచిర్ 41". కుడి పక్కా "కచిర్ 41". కుబాత్ బడి మానేసింది చిన్నప్పుడే గానీ అంకెలొచ్చు. ఏమీ ఎత్తకుండానే కిందికి దిగి ఒరొజ్ ఇంట్లోకి దూసుకుపోయాడు.

"అన్నా! రెండు పక్కలా ఒకటే గాడిద! మార్పేదీ?"

ఒరొజ్ టీ కప్పులోకి చూశాడు. "లేదు."

"లేకుండా చలికాలమంతా ఏం పరీక్ష?"

"తేడా ఉంటే పరీక్ష ఏదో ఒకరోజు తేలిపోతుందిరా. ఇంకో మార్పు రాయడానికి నాకు నెల పడుతుంది. అందాకా పెట్టెలు చల్లబడి కూర్చుంటాయి. తేడా లేకపోతే ఎప్పటికీ తేలదు. ఆడుతూనే ఉంటాయి, అక్కకి వేడి ఇస్తూనే ఉంటాయి."

"మరి నువ్వు రాసుకునేది కూడా ఎందుకు పంపించావ్?"

"ఫిబ్రవరిలో వెళ్తే ఆవిడ ఇంట్లోనే కోటేసుకుని కూర్చుంది. ఆరు చాలట్లేదనుకున్నా. కొత్త కచిర్ సగంలో ఆగింది, పాతదాన్నే పోటీకి పంపాను." తల ఎత్తి బతిమాలాడు. "అక్కకి చెప్పకురా. మెట్ల మీంచి విసిరేస్తుంది. ముందు పెట్టెల్ని, తర్వాత నన్ను."

కుబాత్‌కి కోపం ఎటు పోయిందో తెలీలేదు. మళ్ళీ పైకెళ్ళాడు. ఉల్కన్ అక్క కోటు గుండీలు పెట్టుకుని ఆవిరి మీద మంతీలు, అంటే మాంసం కూరిన కుడుములు, ఉడికిస్తోంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. దాన్ని మూద్దామని వంగితే కింద గొట్టం చేతికి చురుక్కుమని తగిలింది.

"అక్కా! గొట్టం కాలిపోతోంది!"

"అరవకు. జనవరిలోనే బాగైంది."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్తాన్రా? పాపం, చల్లటి ఇల్లు కావాలని నా గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి. వేడొచ్చిందంటే ఆ సంసారమంతా ఎత్తుకుని ఎక్కడికి పోతాడు? అందుకే కిటికీ తీసిపెట్టి, కోటు తొడుక్కుని కూర్చున్నా. వాడికి చెప్పావంటే నీ కాళ్ళు విరుగుతాయి."

కుబాత్ కిటికీ మీంచి చెయ్యి తీసేశాడు. ఏది చెప్పినా ఎవరో ఒకరి మాట తప్పినట్టే.

ఆవిడ గిన్నె నిండా మంతీలు పెట్టి అతని చేతికిచ్చింది. "ఇది వాడికివ్వు. ఓడిపోయాడటగా. తప్పు నాదేలే, ఒక్క కిటికీతో ఇల్లు సరిగ్గా చల్లబడలేదు." గొంతు తగ్గించి అంది, "బెంగపడొద్దని చెప్పు. వచ్చే చలికాలం రెండో కిటికీ కూడా తీస్తాను."