పరదేశి అనే రాయండి

నోట్లు రద్దయిన ఆ చలికాలంలో నాకు బ్యాంకు ఖాతా అవసరం పడింది. గజపతినగరంలో ఒక ప్రైవేటు బడిలో నేను ఒకటో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. అంతవరకూ జీతం కవరులో పెట్టి చేతికిచ్చేవారు. ఇకమీదట అందరి జీతాలూ బ్యాంకులోనే వేస్తామని, క్రిస్మస్ సెలవుల్లోగా ఖాతా చూపించని టీచర్లు మళ్లీ బడికి రానక్కర్లేదని కరస్పాండెంటుగారు చెప్పేశారు. మిగతా టీచర్లకు అది ఒక పూట పని. నాకు కాదు. నేను ఈ దేశస్థురాలిని కాను.

నన్ను చూసి ఆ మాట ఎవరూ నమ్మరు. మా ముత్తాత నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసి, కడుపు నిండక ఓడెక్కి బర్మా వెళ్లాడు. మోల్మేన్ పట్నంలో బియ్యం మిల్లు బస్తాలు మోసి, నది ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. మా తాత, నాన్న, నేను అక్కడే పుట్టాం. నాన్న అక్కడి చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి ఉపదేశి, ఆదివారాలు బోధ చేసేవాడు. మా బడిలో తెలుగు లేదు. బైబిలు వాక్యం చదవడం కోసం ఆరాధన అయ్యాక నాన్నే నా చేత అక్షరాలు దిద్దించాడు. కాని మాట మాత్రం ముత్తాత ఓడలో పట్టుకెళ్లినదే. ఇక్కడి సంఘం పెద్దలూ అక్కడి పెద్దలూ కలిసి సంబంధం కుదిర్చి, ఈ ఊరి ఫిట్టరుకు నన్నిచ్చి పెళ్లి చేశారు. నేను బస్సు దిగి నోరు విప్పిన రోజునే వీధిలో ఆడవాళ్లు "ఒలే, మనూరి పిల్లేనే!" అని తేల్చేశారు.

పాస్‌పోర్టు మాత్రం బర్మాది. ఏటా వీసా పొడిగించుకోవాలి. విజయనగరం పోలీసు ఆఫీసులో విదేశీయుల కింద నమోదు చేయించుకోవాలి. అవన్నీ సక్రమంగానే చేయించుకుంటున్నాను. ఆ కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను.

మేనేజరు మా జిల్లా మనిషే. పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి, మూసి, బల్ల మీద నా వైపు తోశాడు.

"ఇదేటమ్మా?"

"నా పాస్‌పోర్టు సార్. నాను బర్మా మనిసిని."

ఆయన పక్క బల్ల ఆమెకు వినబడేలా నవ్వాడు. "బర్మా మనుసులు ఈ జిల్లాలో ఈదికొకరున్నారు. మా మేనత్త రంగంలో, అదే రంగూన్లో పుట్టింది. రేసన్ కార్డున్నాది, ఓటున్నాది, పింఛనొస్తన్నాది. నువ్వేటి కొత్తగా విదేశీ అంతన్నావు?"

"మీ మేనత్త ఎప్పుడో ఇటు వచ్చీసింది సార్. మావోలు రాలేదు. నాను పెళ్లయ్యొచ్చాను."

"మీ పెద్దోలది ఏ ఊరు?"

"నౌపడ."

"అద్దీ! మరి నౌపడని రాయమ్మా. పుట్టినూరు నౌపడ. అయిపోయె!"

ఆయన చెడ్డవాడు కాడు. మా ప్రాంతపు పద్ధతే అది. ఊరేదని అడిగితే ఇక్కడ ఎవరూ తాము పుట్టిన ఊరు చెప్పరు, తాతల ఊరు చెబుతారు. తల్లి ఏ రైల్వే క్వార్టర్సులో కన్నా, ఏ ఓడరేవులో కన్నా, మనిషి మాత్రం తాత ఊరిలోనే పుట్టినట్టు లెక్క. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు. నా మంచికే ఆయన విడమరిచి చెప్పాడు. విదేశీ ఖాతా అంటే పై ఆఫీసుకు రాయాలి, వాళ్లు ఆ పై ఆఫీసుకు రాస్తారు, తన సర్వీసులో అలాంటిది ఒక్కటీ తెరవలేదు. అదే నేను ఇక్కడే పుట్టినట్టు మా చర్చివాళ్ల చేత ఒక కాగితం రాయించుకొస్తే, దాన్ని పట్టుకుని మిగతా కార్డులు వాటంతటవే వస్తాయి.

"నిన్ను సూసి ఎవులైనా అనుమానపడతారా? నీ మాటే సాక్ష్యం కదమ్మా," అన్నాడు.

ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంది. బైబిలులో, ప్రధాన యాజకుని ముంగిట్లో చలిమంట కాచుకుంటూ, పట్టుబడిన తన ప్రభువెవరో తనకు తెలియదని బొంకిన శిష్యుణ్ణి అతని మాట తీరే పట్టిచ్చింది. నన్ను నా మాట తీరు దాచిపెట్టడానికి సిద్ధంగా ఉంది. దాక్కోవడం నాకిష్టం లేదు.

"నాను అలాగ రాయను సార్," అని కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మా మామగారు సంఘ కార్యదర్శి. చర్చి సీలు, లెటరుప్యాడు ఆయన పెట్టెలోనే ఉంటాయి. బ్యాంకులో జరిగింది ఎవరు మోశారో తెలియదు గాని, సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి కాగితం తయారుగా ఉంది. ఆయన దస్తూరీ ముత్యాలలా ఉంటుంది. నేను ఈ ఊరిలో పుట్టాననీ, ఈ సంఘంలోనే బాప్తిస్మం పొందాననీ రాసి, సంతకం పెట్టి, సీలు కూడా కొట్టేశారు.

"తీసుకో అమ్మా. రేపే ఎల్లి ఇచ్చీ."

"ఇది నిజం కాదు మావా."

"నాను ఖర్గపూర్ రైల్వే క్వార్టర్సులో పుట్టాను. ఎక్కడ ఎవులడిగినా గజపతినగరమనే సెప్పాను. దేవుడేటి, నన్ను సర్చి బయట నిలబెట్టీసాడా?"

నేను పుట్టుక గురించి మాట్లాడలేదు. నా కళ్లు రెండో వాక్యం మీద ఆగిపోయాయి. నాకు బాప్తిస్మం ఇచ్చింది మా నాన్న. మోల్మేన్ నదిలో, పోటు తగ్గి నీళ్లు బురదగా ఉన్న పొద్దున, నడుం లోతుకు దిగి, నా ముక్కుకు తన చేతిరుమాలు అడ్డం పెట్టి, వెనక్కి వాల్చి ముంచి లేపాడు. ఆ సంబరంలో చేతి గడియారం తీయడం మరిచిపోయాడు. నీళ్లు పోయి అది ఆగిపోయింది. బాగు చేయించుకోమంటే వినలేదు. ఆగిన గడియారమే పెట్టుకుని బోధించేవాడు, అది చేతికి ఉండగానే పోయాడు. ఇప్పుడు ఒక ఖాతా కోసం ఆ పొద్దున జరగలేదని నేను సీలు వేయించి ఇవ్వాలి. ఆ చెయ్యి నా తల కింద లేదని చెప్పాలి.

కాగితాన్ని నిలువునా చింపాను. మళ్లీ అడ్డంగా చింపాను.

"ఓలమ్మో!" అని అత్తగారు వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "సంఘం సీలున్న కాగితమే! నీకేటైనా పట్టిందేటే? ఉజ్జోగం పోతే ఏటి సేస్తావు?"

"పోతే పోనీ అత్తా. నన్ను ముంచిన నదిని మాత్రం పోనివ్వను."

మా ఆయన గోడకానుకుని నిలబడి నవ్వు ఆపుకుంటున్నాడు. మామగారు నవ్వలేదు. ఆ రోజు నుంచి నాతో మాట మానేశారు. భోజనానికి కూర్చుని, నేను ఎదురుగా ఉన్నా, "ఒసే, ఆ పరదేశిని మంచినీలెట్టమను," అని అత్తగారితో అనేవారు.

"మీకు నోరు లేదేటి? మీరే అడగండి," అనేది అత్తగారు.

నేను నీళ్లు పెట్టేదాన్ని. ఆయన తాగేవారు. అంతే.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో అప్పుడు ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఎక్కువగా జ్వరాలు తగ్గడం, పిల్లలు పరీక్ష పాసవడం చెబుతారు. నేను కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడ్డాను. ముందు వరుసలో మామగారి మెడ బిగుసుకోవడం కనిపించింది.

నది సంగతి చెప్పాను. చేతిరుమాలు సంగతి, ఆగిన గడియారం సంగతి చెప్పాను. తర్వాత అనుకోని మాట నోటికొచ్చింది.

"మనం ఈ లోకంలో పరదేశులమని వారం వారం ప్రార్థన చేస్తన్నాం. ఇక్కడ మోకాళ్ల మీద ఒప్పుకున్న మాట బ్యాంకులో కుర్చీ మీద కూకుని ఎందుకు ఒప్పుకోలేం? నాను పరదేశిని. నా కాగితం మీద కూడా అదే ఉన్నాది. నాకు సిగ్గు లేదు. దేవునికి స్తోత్రం."

ఎప్పుడూ గట్టిగా వచ్చే "ఆమెన్" ఆ రోజు చాపల మీద అక్కడక్కడా వినిపించింది. ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ మాత్రం "బాగా సెప్పినావే తల్లీ!" అని పైకే అనేసింది. ఇంటికి నడిచేటప్పుడు మామగారు మాకంటే చాలా ముందు నడిచారు.

సోమవారం పొద్దున ఇస్త్రీ పంచె కట్టుకుని, చర్చి సీలు, లెటరుప్యాడు ఉన్న గుడ్డసంచి చంకన పెట్టుకుని, గుమ్మంలో నిలబడి "పద" అన్నారు. ఎవరితో అన్నారో చెప్పలేదు గాని అక్కడున్నది నేనే. ఆ సంచిని చూస్తూనే వెనక నడిచాను. బ్యాంకులోనే కూర్చుని పాత కాగితం మళ్లీ రాస్తారనుకున్నాను. రాస్తే అందరి ముందూ మళ్లీ చింపడానికి కూడా మనసులో సిద్ధపడ్డాను. దారి పొడవునా ప్రార్థన చేశాను, ఆయన కోసం కాదు, చింపే ధైర్యం నాకివ్వమని.

మేనేజరు ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు. "రండి పెద్దాయనా. మీరైనా సెప్పండి కోడలికి."

మామగారు కూర్చోలేదు. బల్ల మీదే లెటరుప్యాడు తెరిచి, నిలబడే రాయడం మొదలుపెట్టారు. నేను పక్క నుంచి చదివాను. "ఈమె నా కోడలు. బర్మా దేశంలో మోల్మేన్‌లో పుట్టి, అక్కడే బాప్తిస్మం పొందినది. మా ఇంటిలో నివసిస్తున్నది." సీలు మీద నోటితో ఆవిరి ఊది, బలంగా కొట్టారు.

"ఏటండీ ఇది, మీరు కూడా!" అన్నాడు మేనేజరు. "ఈ ఊర్లో పుట్టిందని రాస్తే ఈపాటికి పనైపోను కదా!"

"ఏటి రాయమంటావు బాబూ? నానే ఈ ఊర్లో పుట్టలేదు. నాది ఖర్గపూరు. మా ఆడది గంట్యాడలో పుట్టింది, మా గుంటడినీ అక్కడే కన్నాది. మా ఇంట్లో ఈ ఊర్లో పుట్టింది మేకొక్కటే. దానికి తెరుస్తావేటి ఖాతా?"

వరుసలో నిలబడ్డవాళ్లు ఘొల్లున నవ్వారు. మేనేజరూ నవ్వాడు. నవ్వుతూనే నా పాస్‌పోర్టు, పోలీసు ఆఫీసు కాగితం నకళ్లు తీయించి, పై ఆఫీసుకు రాశాడు.

జవాబు వెంటనే రాలేదు. క్రిస్మస్ సెలవులు అయిపోయాయి. బడి తెరిచిన రోజు నేను రానక్కర్లేదన్న మాట గుర్తుండి కూడా వెళ్లాను. ఒకటో తరగతి గదిలో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. కరస్పాండెంటుగారు గుమ్మంలోకి వచ్చి, "ఖాతా ఏదమ్మా?" అన్నారు. "పై ఆఫీసు నుంచి రావాలి కదా సార్, ఆలస్యమవుద్ది," అన్నాను. పిల్లలు అప్పటికే నా చుట్టూ మూగారు. ఆయన వాళ్లని చూసి గుమ్మం దిగి వెళ్లిపోయారు. ఆ నెల జీతం రాలేదు, పై నెలదీ రాలేదు. నేను మాత్రం ఒక్క రోజూ మానలేదు. పై ఆఫీసు సరేనన్నాక పాసుబుక్కు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. రెండు నెలల జీతమూ అందులోనే పడింది.

ఆ ఖాతా ఒకసారి తెరిస్తే సరిపోయేది కాదు. ఏటా వీసా పొడిగించినప్పుడల్లా కొత్త కాగితం చూపించాలి, లేకపోతే ఆపేస్తారు. మేనేజర్లు మారుతుంటారు. కొత్తగా వచ్చినాయన ప్రతిసారీ నన్నూ పాస్‌పోర్టునూ మార్చి మార్చి చూసి, "సూస్తే మనోలనాగే ఉన్నారే!" అంటాడు. ప్రతిసారీ అదే జవాబు చెబుతాను, కాస్త గట్టిగానే. వరుసలో ఉన్నవాళ్లు తిరిగి చూస్తే చూడనీ.

మామగారు ఇప్పుడు నీళ్ల కోసం అత్తగారిని అడగరు. భోజనానికి కూర్చోగానే నేరుగా నన్నే కేకేస్తారు.

"ఒలే పరదేశీ! మంచినీలేవి?"

"తెస్తన్నాను, ఖర్గపూరు మావా!"