ఓట్స్, కార్క్ ఓక్, మా లైనులో వేపచెట్టు

చిట్టీ తీసింది నా చెయ్యే కాబట్టి ఇంకెవర్నీ అనడానికి లేదు. అయినా ఆ రోజు మా హెడ్మాస్టరును మనసులో చాలానే తిట్టుకున్నాను.

ఎనభైల మధ్యలో గోదావరిఖనిలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆ ఏడు సైన్సు ప్రదర్శనకు విషయాలన్నీ చిట్టీల మీద రాసి, సుద్దముక్కల డబ్బాలో వేసి తలా ఒకటి తీయమన్నారు. లెక్కల సారుకు బొగ్గుబావి నమూనా వచ్చింది. ఆయన క్లాసులో సగం మంది పిల్లల తండ్రులు బావిలో దిగేవాళ్ళే. ఆయన కుర్చీలో కూర్చుంటే చాలు, నమూనా నడిచి వస్తుంది. నా చిట్టీలో ఇలా ఉంది: ‘ఓట్స్, కార్క్ ఓక్: పెరగడానికి కావలసినవి, ఉపయోగాలు, పోలిక’.

ఓట్స్ నేను చూడలేదు. కార్క్ ఓక్ అనే చెట్టును మా జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. మార్చుకుంటానని అడిగితే హెడ్మాస్టరు వినలేదు.

“బయాలజీ సారువు నువ్వు గాక ఇంకెవరు చేస్తరయ్యా? చార్టు గీసి తప్పించుకుంట అంటే నడ్వది. మొక్క కనవడాలె, బెరడు కనవడాలె” అన్నాడు.

బొగ్గు మీద కాపురముంటూ ఎక్కడో సముద్రాల అవతలి చెట్టుకు నేనెందుకు పూచీ పడాలో నాకిప్పటికీ అర్థం కాదు. లైబ్రరీ బీరువాలో చెదలు తిన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. ఓట్స్‌కు చల్లటి వాతావరణం, నేలలో తడి కావాలి. నాలుగు నెలల్లో పంట చేతికొస్తుంది. మనుషులకు జావ, గుర్రాలకు దాణా, పశువులకు గడ్డి. కార్క్ ఓక్ దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇసుక నేల, ఎండిన వేసవి, చలికాలం వానలు ఉండాలి. పాతికేళ్ళు పెరిగితే గానీ మొదటిసారి బెరడు తీయడానికి పనికిరాదు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకోసారి తీస్తారు. సీసా బిరడాల నుంచి గచ్చు మీద పరిచే పలకల దాకా అన్నిటికీ ఆ బెరడే. దాని కింద ఇంకో వాక్యం ఉంది. ‘బెరడు వలిచినా చెట్టు చావదు, బెరడు మళ్ళీ వస్తుంది.’ ఆ వాక్యం నాకు తెగ నచ్చింది. మొక్కల గురించి నేను చదివినవాటిలో అంత ధైర్యం చెప్పిన మాట ఇంకోటి లేదనిపించింది.

ముందు ఓట్స్ సంగతి చూద్దామని మంచిర్యాల వెళ్ళి ఒక మందుల దుకాణంలో డబ్బా కొన్నాను. రోగులకు జావ కాచిపోసే సరుకది. రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే నాలుగు కుండీల్లో చల్లి, రెండు పూటలా నీళ్ళు చిలకరించాను. నాలుగో రోజుకు కుండీలు పులిసిన వాసన కొట్టాయి. మా ఆవిడ వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు అరచేతిలోకి తీసుకుంది.

“ఇవి దంచినయి గదా. అటుకులు చల్లి వరి మొలుస్తదని చూస్తున్నవా?” అంది.

నవ్వితే నవ్వింది గానీ, ఆమె ఒక్క చూపులో కనిపెట్టింది నాకెందుకు కనబడలేదన్నది మాత్రం నన్ను చాలా రోజులు తినేసింది. ఆఖరికి గోధుమలు మొలకెత్తించి, కుండీకి ‘ఓట్స్’ అని అట్టముక్క తగిలించాను. తేడా చెప్పేవాడు ఖనిలో లేడని ధీమా.

ఇక మిగిలింది కార్క్ ఓక్ బెరడు. దాని స్థానంలో గుండ్రంగా వలిచిన వేప బెరడు పెడదామనుకున్నాను. మా క్వార్టర్ల లైనులో, మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక వేపచెట్టు ఉండేది. పక్కింటాయన బావిలో బొగ్గు ఎత్తే ఫిల్లరు. క్వార్టరు వచ్చిన ఏడే ఆ మొక్క నాటుకున్నాడట. మావన్నీ సిమెంటు రేకుల ఇళ్ళు. ఎండాకాలం పగటిపూట లోపల పడుకోవడమంటే పెనం మీద పడుకోవడమే. నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే ఆయన పొద్దున తొమ్మిదికి ఆ చెట్టు కింద నులకమంచం వేసుకుని మూడింటిదాకా నిద్రపోయేవాడు. ఆ వారం లైనులో ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గట్టిగా పిలుచుకునేవారు కాదు. నిద్ర లేని మనిషి బావిలో దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆయన్ని అడిగాను.

“అన్నా, నీ చెట్టు బెరడు జర కావాలె. మూరెడు పొడుగు, చుట్టూత.”

ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. “చుట్టూత తీస్తే చెట్టుకేం గాదా సారూ?”

“ఏం గాదు. పుస్తకంల ఉన్నది. మల్ల వస్తది.”

“నువ్వు సదువుకున్నోనివి, నీకెరుకుంటది” అని లోపలికెళ్ళి గొడ్డలి తెచ్చాడు.

నన్ను ముట్టుకోనివ్వలేదు. నిద్రపోయే పిల్లకు చొక్కా విప్పినంత మెల్లగా, తెల్లటి చెక్క కనబడేదాకా తనే వలిచి ఇచ్చాడు.

ప్రదర్శనలో మొదటి బహుమతి బొగ్గుబావికే పోయింది. నా గోధుమ మొలకల్ని ఒక పెద్దమనిషి వేళ్ళతో నిమిరి, ఓట్స్ ఆరోగ్యానికి మంచివని పిల్లలకు ఉపదేశించి వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ నోరెత్తే ముఖం నాకేదీ? పక్కింటాయన తెల్లచొక్కా వేసుకుని భార్యతో సహా వచ్చాడు. చార్టు మీద ఏముందో ఒక పిల్ల చేత చదివించుకున్నాడు. చెట్టు చావదన్న వాక్యం దగ్గర తలాడించి, వచ్చిన ప్రతివాడికీ “గా బెరడు మా చెట్టుదే” అని చెప్పాడు.

ఉగాదికి వేప చిగురు వేసింది. చూశావా అన్నట్టు మా ఆవిడ వైపు చూశాను. ఆకు చిన్నగా ఉందని ఆమె అంటే కొట్టిపారేశాను. మే నెల సగానికి ఆ ఆకు పసుపుపచ్చగా మారి రాలిపోయింది. నీడ ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే లేకుండా పోయింది. ఆయన మంచాన్ని గోడ నీడ వెంబడి జరుపుకుంటూ పోయేవాడు. గంటకోసారి ఎండ ముఖం మీద పడితే లేచి మళ్ళీ జరిపేవాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. వారంలో రెండు రోజులు డ్యూటీకి పోలేకపోతున్నాడని ఆయన భార్య నల్లా దగ్గర మా ఆవిడతో చెప్పుకుంది. సాయంత్రం పూట మాత్రం రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి చెట్టు మొదట్లో పోసేవాడు.

జూన్‌లో బడి తెరిచారు. మొక్కల్లో ఆహారం ఎలా ప్రయాణిస్తుందన్నది తొమ్మిదో తరగతి పాఠం. ఏటా చెప్పేదే. బోర్డు మీద చెట్టు బొమ్మ గీశాను. కాండం చుట్టూ బెరడును ఉంగరంలా తీసేసినట్టు చూపించాను. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్ళకు దిగుతుందనీ, ఆ పొర తెగితే వేళ్ళు తిండి లేక మాడి కొన్ని నెలల్లో చెట్టు చస్తుందనీ చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆరేళ్ళుగా పిల్లల చేత బట్టీ పట్టించి, పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా ఇచ్చిన ముక్క అది. కార్క్ ఓక్‌కు పైబెరడు మాత్రమే తీస్తారు, అదీ చెయ్యి తిరిగినవాళ్ళు. లోపలి పొరను ముట్టుకోరు. వేపకు అంత మందపు పైబెరడే లేదు. నాకు తెలియని చెట్టును తెలిసిన చెట్టు మీద రుద్ది, వచ్చిన పాఠం మరిచిపోయాను. పుస్తకం మీద కోపం తెచ్చుకుందామంటే అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆ పీరియడు మిగతా భాగం పిల్లల్ని చూచిరాత రాసుకోమన్నాను.

ఇంటికొచ్చేసరికి ఆయన నీళ్ళు పోస్తున్నాడు.

“బెరడు రానీకి ఇంకెన్ని దినాలు పడ్తది సారూ?”

చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. “వానలు పడనీ అన్నా, చూద్దాం” అన్నాను. చావని చెట్టని నేనే చార్టు మీద రాసి పెట్టానాయె, ఇప్పుడు ఏ ముఖంతో కాదంటాను? ఆ తర్వాత ఆయన బకెట్ చప్పుడు వినబడితే కిటికీ పక్కనే నిలబడి చూసేవాణ్ణి గానీ బయటికి వచ్చేవాణ్ణి కాదు. మా ఆవిడ రెండుసార్లు “పోయి చెప్పరాదు” అంది. రెండుసార్లూ ఆమె మీదే కసిరాను.

శ్రావణం వచ్చింది. దారిలో పిచ్చి తుమ్మ కూడా పచ్చగా ఉంది. మా వేపచెట్టుకు మిగిలిన బెరడు పెచ్చులుగా ఊడుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక వెళ్ళాను. ఆయన రెండో షిఫ్టుకు తయారై, గడప మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు.

“అన్నా, గా చెట్టు ఇగ రాదు. తప్పు నాదే. నాకు రెండు నెలల సంది ఎరుకే” అన్నాను.

ఆయన ముడి బిగించి తలెత్తాడు. “నాకు సుత ఎరుకే సారూ. మిర్గం కార్తె తొలి వానలకు చిగురెయ్యకపోతెనే ఎరుకైంది.”

“మరి నీళ్ళెందుకు పోసినవే?”

“నువ్వు కిటికీలకెల్లి చూస్తుంటివి గద. ఎన్నడచ్చి చెప్తవో చూద్దామని పోసిన.”

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగానే అని, టిఫిన్ డబ్బా అందుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.