గాలమ్మ, పళ్ళ డాక్టరు విమానం బూట్లు

ఊరి బయట చిన్న విమానాల మైదానంలో రేకుల షెడ్డు ఒకటుంది. అందులో నిలిపే పదకొండు విమానాల చక్రాలు చూసుకునే ఆవిడని అందరూ గాలమ్మ అంటారు. తండ్రి సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తూ పెరిగిన మనిషి. ఇరవై మూడేళ్లుగా విమానాల కింద పడుకునే బతుకుతోంది కానీ, ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎందుకని అడిగితే, "పైన నాకేం పనుంది? చక్రాలు కిందే కదా పని చేసేది" అనేది.

ఆవిడ భర్త దర్జీ. పెళ్ళాం మోకాళ్ళు కమిలిపోతున్నాయని, ఎవరి సోఫాకో కుట్టగా మిగిలిన పూలగుడ్డతో రెండు చిన్న దిండ్లు కుట్టి ఇచ్చాడు. మోకాళ్ళకి పూలు కట్టుకుని గాలమ్మ షెడ్డులో నడుస్తుంటే పైలట్లు నవ్వు ఆపుకునేవాళ్ళు. ఆపుకోలేనివాడి చక్రం ఆ రోజు ఆఖరున చూసేది.

ఆ పదకొండింటిలో ఒకటి పళ్ళ డాక్టరుది. తెల్ల రంగు, ఎర్ర గీత. మూడు చక్రాలకీ నున్నటి తొడుగులు. గాలిని చీల్చుకుని వేగంగా పోవడానికి అవి పనికొస్తాయి. గాలమ్మ వాటిని బూట్లు అనేది. చిక్కేమిటంటే, బూటు తొడిగాక లోపల టైరు ఎలా ఉందో కంటికి కనపడదు. గాలి కొట్టడానికి తొడుగుకి బొటనవేలంత కన్నం ఉంటుంది. టైరుకి గాలెక్కించే మూతి సరిగ్గా ఆ కన్నానికి ఎదురుగా రావాలి. అందుకు విమానాన్నే దొర్లించాలి.

"ముందుకి తొయ్యండి డాక్టరుగారూ... ఇంకాస్త... ఇంకాస్త... అయ్యో, దాటిపోయింది. వెనక్కి!"

ఇలా మూడు చక్రాలూ అయ్యేసరికి డాక్టరు చొక్కా పిండితే బకెట్టు నిండేది. రెండు నెలలు ఓపిక పట్టాడు. ఆ తర్వాత గాలి చూపించడం మానేశాడు. తొడుగులు విప్పి లోపల శుభ్రం చేస్తానని గాలమ్మ అంటే అసలే ఒప్పుకోలేదు.

"వద్దక్కా! స్క్రూలు తిప్పితే రంగు మీద గీతలు పడతాయి. పైకి బాగానే ఉందిగా?"

"మీ దగ్గరికొచ్చే వాళ్ళూ పన్ను గురించి అదే అంటారు కదండీ? పైన పటారం, లోన లొటారం."

డాక్టరు నాలుక కరుచుకున్నాడే తప్ప స్క్రూలు మాత్రం తియ్యనివ్వలేదు. విమానం ఆయనది. గాలమ్మ ఊరుకుంది.

ఒక ఆదివారం పొద్దున డాక్టరు తన అత్తగారిని వెంటబెట్టుకొచ్చాడు. రిటైరైన లెక్కల టీచరు. అల్లుడికి విమానం ఉందని వినడమే తప్ప అది ఎగరడం తానింకా చూడలేదని ఆవిడ ఫిర్యాదు. ఆవిడ కుడివైపు సీట్లో కూర్చుంది. గాలమ్మ వంగి చూసి డాక్టరుని పక్కకి పిలిచింది.

"కుడి బూటు నేలకి దగ్గరగా ఉంది. టైరులో గాలి లేదేమో. కాసేపు ఆగండి, విప్పి చూస్తా."

డాక్టరు గొంతు తగ్గించాడు. "అక్కా, అత్తయ్యగారు అటేగా కూర్చున్నారు. అందుకే వంగింది."

కిటికీలోంచి జవాబు వచ్చింది. "నేను ఎక్కకముందూ వంగే ఉంది నాయనా. నా కళ్ళింకా పోలేదు!"

డాక్టరు మొహం కందగడ్డ అయింది. ఆ కంగారులో ఇంజను వేసి కదిలాడు. నూరు గజాలైనా పోలేదు, ఠప్పుమంది. విమానం మొండి గేదెలా కుడివైపు తిరిగి, గడ్డిలోకి వెళ్ళి ఆగిపోయింది.

అత్తగారు దిగి చీర సర్దుకుంది. "ఇంతేనా ప్రయాణం? బస్సెక్కి ఉంటే ఈపాటికి ఊరు దాటేదాన్ని."

గాలమ్మ పరుగున వెళ్ళి అక్కడే గడ్డిలో కూర్చుని తొడుగు విప్పింది. లోపల బురద ఎండి ఇటుకలా బిగిసిపోయింది. గాలి తగ్గిన టైరు దానికీ తొడుగుకీ రాసుకుని పక్కలు అరిగి, దారాలు తేలాయి. చక్రం మీద టైరు జారడంతో లోపలి ట్యూబు మూతి తెగిపోయింది. ఎడమ టైరులో చూస్తే ఉండాల్సిన గాలిలో సగమే ఉంది.

ఇదే దిగేటప్పటి వేగంలో జరిగి ఉంటే అన్న ఆలోచన గాలమ్మని వదల్లేదు. గుడ్డతో చేతులు తుడిచినచోటే తుడుచుకుంది. టీచరు అది గమనించింది.

"నువ్వు ముందే చెప్పావా అమ్మా?"

"చెప్పానండీ. గట్టిగా చెప్పలేదు."

మర్నాటి నుంచి షెడ్డులో కొత్త పద్ధతి మొదలైంది. పదకొండు విమానాల తాళాలూ గాలమ్మ జేబులోకి చేరాయి. గాలి చూపించినవాళ్ళకే తాళం. ఒకరిద్దరు గొణిగారు. మైదానం మేనేజరు గడ్డిలో పడిన చక్రాల గాడిని చూపించాడు. గొణుగుడు ఆగింది.

రెండు వారాలకి కొత్త టైర్లు పడ్డాయి. తొడుగులు విప్పి, కడిగి, మళ్ళీ బిగించారు. నిజంగానే రెండు గీతలు పడ్డాయి. డాక్టరు వాటిని చూసి ఊపిరి పీల్చి వదిలాడు, అంతే. క్లినిక్ నుంచి పళ్ళు చూసే చిన్న అద్దం తెచ్చి, తొడుగు సందులోంచి లోపలికి పెట్టి, తనే టైరు పక్కలు చూడడం నేర్చుకున్నాడు. డాక్టరు విమానాన్ని దొర్లిస్తుంటే అత్తగారు వచ్చి కన్నం దగ్గర నిలబడింది. "ముందుకి! ఊఁ! ఆగు!" అని ఆవిడ కేకేస్తే, టైరు మూతి ఒక్క దెబ్బకి కన్నానికి ఎదురొచ్చింది.

అల్లుడూ అత్తా ఇరవై నిమిషాలు ఎగిరి దిగారు. చక్రాలు నేలను తాకింది కూడా తెలియనంత మెత్తగా దిగింది విమానం. డాక్టరు మెచ్చుకోలు కోసం అత్తగారి వైపు తిరిగాడు. ఆవిడ అల్లుణ్ణి దాటుకుని నేరుగా షెడ్డు గుమ్మం దాకా నడిచింది.

"బాగా దింపావు గాలమ్మా!"