మెడ తిరగని టేబుల్ ఫ్యాన్

మా పాత టేబుల్ ఫ్యాన్ మెడ బిగుసుకుపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఎటు పెడితే అటే చూస్తుంది. ఈ రోజు మా కోడలు సుజాత దాన్ని పాత సామాన్ల ఆటోకి వేసేద్దామని గేటు దగ్గర పెట్టింది. వద్దన్నాను, వినలేదు.

అంతలో పెనుగొలను నుంచి మా మరిది పంపిన పెసలు వచ్చాయి. సగం పొట్టే. ఏటా ఆ ఫ్యాన్ గాలికే చాటతో పోసి పొట్టు ఎగరగొడతాను.

"ఉండండత్తయ్యా, కొత్త ఫ్యాన్ పెడతాను. దానికి రిమోట్ కూడా ఉంది," అంది సుజాత.

"పెట్టమ్మా, పెసలు కూడా రిమోట్ చూసినట్టుంటుంది," అన్నాను.

వరండాలో చాట ఎత్తి పోస్తున్నాను. వేగం పెంచబోయి తను ఏ బటన్ నొక్కిందో ఏమో, కొత్త ఫ్యాన్ చక్కగా మెడ తిప్పి, పొట్టంతా సుజాత నెత్తినే పోసింది. అప్పుడే తలంటుకుని వచ్చింది పాపం.

సరిగ్గా అదే సమయానికి గేటు దగ్గర ఆటో ఆగింది. ఆటో అతను పాత ఫ్యాన్ ఎత్తుతున్నాడు. జుట్టు నిండా పొట్టుతోనే సుజాత పరుగెత్తింది.

"అయ్యో, అది ఇవ్వమండీ! మా అత్తయ్యగారిది!"

పొద్దున అది తుక్కు. నేను ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో మీకు మాత్రం చెబుతున్నాను. మీ ఇళ్లల్లోనూ పాడైనందుకే పనికొస్తున్న వస్తువులున్నాయా?